ఏడో పాఠంలోని ‘నేను’

జూలై 4

ఎనిమిదో తరగతి వాచకం, ఏడో పాఠం రచయిత్రి గారికి,

నమస్కారం. నేను బాలికల బడిలో ఇరవై రెండేళ్లుగా తెలుగు చెబుతున్న టీచర్ని. ఈ ఏడాది కొత్తగా వచ్చిన వాచకంలో మీరు రాసిన ‘సూదుల పెట్టె’ పాఠం మొన్ననే పూర్తిచేశాను. కొన్ని సందేహాలున్నాయి, తీర్చగలరు.

పాఠంలో కథ చెప్పేది ఒక ఇల్లాలు. మరిది తన అన్నకు రాసిన ఉత్తరం ఆవిడ చేతిలో పడుతుంది. భర్తకివ్వకుండా సూదుల పెట్టెలో దాస్తుంది. ఆఖరి వాక్యం దాకా బయటపెట్టదు, ఎందుకు దాచిందో చెప్పదు. పదమూడేళ్ల పిల్లలకు ఇలాంటి మనిషి చేత ‘నేను, నేను’ అనిపించి కథ చెప్పించాల్సిన అగత్యం ఏమొచ్చింది? పాఠం కింద మీరిచ్చిన అభ్యాసం ‘ఇదే కథను భర్త వైపు నుంచి రాయండి’ అని. నా తరగతిలో నలభై ఒక్కమంది రాశారు. నలభై ఒక్కమందీ ఆవిణ్ణి దొంగ అన్నారు. ఒకమ్మాయి అయితే పోలీసుల్ని కూడా రప్పించింది.

అభ్యాసంలోనే ‘సంఘర్షణ’ అనే మాటకు మూలం కూడా అడిగారు. ఘర్షణ అంటే రాపిడి అని చెప్పాను. రాపిడికి రెండు ఉండాలి కదండీ? మీ పాఠంలో భర్తకు విషయమే తెలియదు, మరిది ఎక్కడో ఉన్నాడు. ఒక్క ఆడమనిషి ఇంట్లో కూర్చుని దేనితో రాపిడి పడుతున్నట్టు?

ఇంక ఈ ‘గారూ’ ‘అండీ’ నా వల్ల కాదు. అమ్మడూ, వాచకం రెండో పేజీలో రచయితల పేర్ల మధ్య నీ పేరు చూశాను. తొమ్మిదేళ్లుగా ఒక్క ముక్క మాట్లాడకుండా ఇప్పుడు ఊరందరి పిల్లల చేతుల్లో నన్ను పెట్టావు. నీకు ఎవరు చెప్పారు? అది ఒక్కటే అడుగుతున్నాను.

జవాబు బడి అడ్రసుకే రాయి. ఇంటికి రాయకు.

ఇట్లు,
నువ్వు ఇంకా అలా పిలిస్తే, నీ వదిన

*

జూలై 11

వదినా,

అలాగే పిలుస్తున్నాను. కవరు మీద ఆ కొక్కేల్లాంటి కొమ్ములు చూడగానే నీ చేతిరాతని తెలిసిపోయింది. అన్నయ్యకేమైనా అయిందేమోనని కంగారులో కవరు అడ్డంగా చించేశాను. తీరా చూస్తే ఏడో పాఠం!

ఎవరు చెప్పారంటే ఏం చెప్పను? అది కథ, వదినా. కల్పించాను. మా ఆఫీసులో పాఠాలు ఎలా తయారవుతాయో నీకు తెలిస్తే నవ్వుతావు. ఇద్దరు స్నేహితురాళ్లు ఒకే గొడుగులో ఇంటికెళ్లే కథ మొదట రాశాను. కమిటీ వాళ్లు ‘బాగుంది, సంఘర్షణ చాలదు’ అని పక్కన రాసి తిప్పి పంపారు. గొడుగు చిరిగిపోయినట్టు మార్చాను. ‘ఇంకా చాలదు’. శుక్రవారం సాయంత్రానికి పాఠం ఇచ్చి తీరాలి. అప్పుడు కూర్చుని సూదుల పెట్టె రాశాను. అంతే.

నీ కొక్కేల కింద నన్ను పొడిచిన మాట ఇంకొకటుంది. ఇంటికి రాయకు అన్నావు. అన్నయ్య అనమన్నాడా? నాన్న పోయిన రోజు ఆస్పత్రి వరండాలో పదిమందిలో నేనన్న మాట, ‘ఆలస్యంగా తీసుకొచ్చి నువ్వే చంపావు నాన్నని’, అది నా నోట్లోంచి వచ్చినందుకు ఇప్పటికీ నా నాలుక కోసుకోవాలనిపిస్తుంది. నాన్నని వీపు మీద మోసుకుని మూడంతస్తులు దిగిన మనిషిని పట్టుకుని అన్నాను ఆ మాట. నెల తిరగకుండా తప్పైందని ఉత్తరం రాశాను. చదివి ఊరుకున్నాడు. రెండోసారి రాసే మొహం నాకు లేకపోయింది. ఇప్పుడు నీ చేత ‘ఇంటికి రాయకు’ అని కూడా అనిపిస్తున్నాడన్నమాట. సరే, రాయను.

నడుం నొప్పి తగ్గిందా వాడికి? ఇంకా నేల మీద కూర్చునే కుట్టు మిషన్లు విప్పుతున్నాడా?

నీ
అమ్మడు

*

జూలై 19

అమ్మడూ,

గొడుగు కథ బాగుంది. చెప్పేవాళ్లకి వినేవాళ్లు లోకువ.

నువ్వు ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకానివని నాకు పెళ్లైన కొత్తలోనే తెలుసు. నేను వంటింట్లో గ్లాసు పగలగొడితే ముక్కలు ఎక్కడ పారేశానో కూడా చెప్పేదానివి. అలాంటిదానివి ఊరికే కల్పించావంటే నమ్మడానికి నేనేమైనా నీ కమిటీనా?

మరిదీ అన్నా అని మార్చావు, సరే. నిఘంటువును సూదుల పెట్టె చేశావే, అది ఎందుకు? నిఘంటువు అని రాస్తే దాచింది తెలుగు టీచరని తెలిసిపోతుందనే కదా! మా స్టాఫ్ రూము బీరువాలో అడుగు అరలో ఉన్న ఆ లావు పుస్తకాన్ని నేను తప్ప ముట్టుకునే నాథుడు లేడు. అందుకే అందులో పెట్టాను. కిందటేడు వేసవిలో మా సైన్సు టీచరు శిక్షణకని మీ ఆఫీసుకు వచ్చింది కదూ? వచ్చిన దగ్గర్నుంచి నన్ను చూసి ఒకలా నవ్వుతోంది. బీరువా తాళం ఆవిడ దగ్గరా ఒకటుంది. ఆవిడతో కలిసి భోంచేయడం మానేశాను. నిన్న నా పక్కన కుర్చీ లాక్కుంటే లేచి కిటికీ దగ్గరికి వెళ్లాను. ‘ఏమైందండీ?’ అంది. ఏమైందో ఆవిడకి తెలియదు మరి, పాపం!

ఒక్క సంగతి మాత్రం తెలుసుకో. నేను దాన్ని చించలేదు, కాల్చలేదు. మడత కూడా నలగలేదు. మీ అన్నయ్యకు ఏమీ తెలియదు. ఆయన చేత నేను అనిపించడమేమిటి? ఆయన నీ పేరు ఎత్తరు. మిషన్లు మాత్రం ఇప్పుడు బల్ల మీద పెట్టుకుంటున్నారు, నడుం వల్లే.

నీ అభ్యాసంలో ‘అనుమానం, అభిమానం: మూలాలు రాయండి’ అన్నావు. చివర ఒకేలా ఉన్నాయని పిల్లలందరూ ఒకే మూలం రాశారు. కాదని సున్నా వేశాను. అనుమానం కొలవడంలోంచి వచ్చింది, అభిమానం తలచుకోవడంలోంచి. ‘మరి టీచర్, కొలిచేటప్పుడు తలచుకోవద్దా?’ అని అడిగింది ముందు బెంచీ అమ్మాయి. కూర్చోమన్నాను.

ఇట్లు
వదిన

*

జూలై 24

వదినా,

ఏ నిఘంటువు?

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మొదటిసారి అర్థం కాలేదు. రెండోసారి అర్థమై కుర్చీలోంచి లేచాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నారని వినడమే గానీ, తడుముకోవడం ఇంత దగ్గరగా చూడలేదు. మీ సైన్సు టీచర్ని నేను జన్మలో చూడలేదు. ఆవిడ దగ్గరికెళ్లి కూర్చుని భోంచెయ్యి, ముందు ఆ పని చెయ్యి.

నేను కల్పించాననే చెప్పాను కదా. ఎందుకు కల్పించానో చెప్పలేదు, సిగ్గేసి. నా ఉత్తరం చదివి కూడా అన్నయ్య పలకలేదన్న బాధ నేను మొయ్యలేకపోయాను, వదినా. ‘అసలు వాడికి అందలేదేమో’ అని అనుకుంటే తేలిగ్గా ఉండేది. అందకపోవాలంటే మధ్యలో ఎవరో దాచాలి. ఆ ఇంట్లో వాడు కాకుండా ఉన్నది నువ్వే. వాణ్ణి తప్పించడానికి నిన్ను దొంగను చేశాను. చేసినందుకు తప్పు చేస్తున్నట్టనిపించి, కథ ఆవిడ నోటితోనే చెప్పించాను, పిల్లలు ఆవిడ వైపు కూడా నిలబడి చూస్తారని. పాఠం అచ్చైన రోజు కూడా అనుకున్నాను, వదిన చూస్తే ఎంత నొచ్చుకుంటుందో, ఏ పాపం ఎరగనిదానికి ఎంత అన్యాయం చేశానో అని.

ఏ పాపం ఎరగనిదానివి!

తొమ్మిదేళ్లు నేను వాణ్ణి రాయి అనుకున్నాను. వాడు నన్ను ఏమనుకున్నాడు? అంత మాట అని, తిరిగి చూడకుండా పోయిందనేగా? చెప్పు, ఎందుకు చేశావు?

అమ్మడు

*

ఆగస్టు 2

అమ్మడూ,

నీ ఉత్తరం అందిన రోజు నుంచి మూడు పీరియడ్లు పిల్లల చేత పద్యాలు బట్టీ పట్టించి నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. నా చేత్తో నేనే రాసి పంపాను కదా, ఎవరినని ఏం లాభం? సైన్సు టీచరుకు క్షమాపణ చెప్పాను. ఎందుకో చెప్పలేదు. ఆవిడ ఇప్పుడు నన్ను చూసి భయపడుతోంది.

ఎందుకు చేశావని అడిగావు. మామయ్య పోయాక మీ అన్నయ్య షాపు తెరవలేదు. గోడకు ఆనుకుని కూర్చునేవారు. అన్నం కలిపి పెడితే కంచం వైపు చూసేవారు, అంతే. నీ మాట ఆయన్ని అలా కూర్చోబెట్టింది. ముప్పై రెండో రోజున లేచి, స్నానం చేసి, తాళాలు తీసుకుని షాపుకి వెళ్లారు. ఆ మధ్యాహ్నమే వచ్చింది నీ ఉత్తరం. తెరిచాను. అవును, ఆయన పేరున్న కవరు తెరిచాను. అంతా ఆస్పత్రి, అంతా వరండా. ఇది చదివితే మళ్లీ గోడ దగ్గరికే వెళ్తారనిపించింది. కుదుటపడ్డాక ఇద్దామనుకున్నాను. వారం దాటితే ఎందుకు దాచావంటారని భయం. ఏడాది దాటాక చెప్పే దారే లేకపోయింది. మింగలేను, కక్కలేను. ఇది నా వైపు. నువ్వు పిల్లలకి నేర్పమన్నావుగా, ఎవరి వైపు నుంచి వాళ్లు చూడాలని. చూడు.

ఇంకో సంగతి. నిన్న సాయంత్రం ఆయన మిషనుకు నూనె వేస్తూ, ‘వాచకంలో అమ్మడు పాఠం ఉందటగా’ అన్నారు. మిషను బాగుకి తెచ్చిన ఎవరో పిల్లల తల్లి చెప్పిందట. ఎవరో తల్లి! ఇన్నేళ్లు లేనిది నేను నీకు రాసిన నెలలోనే ఆ తల్లి ఎక్కడినుంచి ఊడిపడింది? నిజం చెప్పు, షాపు అడ్రసుకి రాశావా? పుస్తకం బడిలో మర్చిపోయానని అబద్ధం చెప్పాను. ఆయన నా సంచీ వైపు చూశారు.

వదిన

*

ఆగస్టు 8

వదినా,

షాపుకి రాయలేదు. రాయాలనుకుంటే నీకు చెప్పి రాస్తాను. ఆ తల్లి ఎవరో నిజంగా తల్లే అయ్యుంటుంది, వాచకం ఇంటింటికీ వెళ్లింది కదా.

నీ వైపు చదివాను. గోడ దగ్గర కూర్చున్న అన్నయ్యని తలుచుకుని ఏడ్చాను కూడా. కళ్లు తుడుచుకుని మళ్లీ చదివితే ఒకటి తట్టింది. నేను పాఠాలు రాసేదాన్ని, ఎవరైనా కథ చెబుతుంటే చెప్పకుండా వదిలేసిన చోటే నాకు కనిపిస్తుంది. ఆ ఉత్తరంలో ఏముందో నువ్వు ‘అంతా ఆస్పత్రి, అంతా వరండా’ అన్నావు. అంతా అదే కాదు వదినా. నాకు ప్రతి వాక్యం గుర్తుంది.

వార్డులో ఉన్న నర్సు తర్వాత నాకు చెప్పిన సంగతి అందులో రాశాను. ఛాతీలో నొప్పి పదకొండింటి నుంచీ ఉందని నాన్నే ఆవిడతో అన్నాడట. అన్నయ్య షాపు నుంచి ఇంటికి వచ్చింది నాలుగింటికి. వచ్చిన క్షణంలో మోసుకుని పరిగెత్తాడు. ‘ఆలస్యం నీ వల్ల కాలేదన్నయ్యా, అప్పటిదాకా ఇంట్లో ఉన్నది నువ్వు కాదు’ అని రాశాను. నీ పేరు రాయలేదు. రాయకపోయినా ఇంట్లో ఉన్నది ఎవరో వాడికి తెలుసు, నీకూ తెలుసు. అందుకు దాచావు.

మొదట కోపంతో నాలుగు పేజీలు రాశాను, చించేశాను. అందులోని మాటలు నేను వరండాలో అన్నవాటికి చెల్లెళ్లలా ఉన్నాయి. ఒకసారి అడుసు తొక్కాను, చాలు.

ఇదిగో, దీనితోపాటు ఇంకో ఉత్తరం పెట్టాను, అన్నయ్యకి. కొత్తగా రాసింది. తప్పైందని, చూడాలని ఉందని, అంతే ఉంది. పదకొండు గంటల సంగతి లేదు. ఇది ఇవ్వు. పాతదాన్ని ఏం చేస్తావో నీ ఇష్టం. రోజూ వాడి పక్కన ఉండేది నువ్వు. నేను తలుపు తట్టి వెళ్లిపోయేదాన్ని.

అమ్మడు

*

ఆగస్టు 14

అమ్మడూ,

కొత్త ఉత్తరం చదివాను. చదవకుండా ఇస్తాననుకున్నావా? ఎంత చక్కగా రాశావు, ఎక్కడా నా నీడ కూడా పడలేదు! అదే నాకు భయం. ఇది ఇస్తే మీరిద్దరూ ఒకటవుతారు. నువ్వు ఇంటికి వస్తావు, నా చేతి కాఫీ తాగుతావు, నేను గ్లాసు పెట్టిన ప్రతిసారీ నా మొహంలోకి చూస్తావు. పదకొండు నుంచి నాలుగు దాకా నీ గుప్పిట్లో పెట్టుకుని బతికినంత కాలం నన్ను ఆడిస్తావా? ఏ రోజు నీకు కోపమొస్తే ఆ రోజు గుప్పిట తెరుస్తావు. నీ నోటి సంగతి నాకు తెలియదా?

వదిన

*

ఆగస్టు 18

వదినా,

నా నోటి సంగతి నీకే కాదు, ఆస్పత్రిలో పదిమందికి తెలుసు. నమ్మమని అడిగే హక్కు నాకు లేదు. నీ చేతిలో ఇప్పుడు రెండు ఉత్తరాలున్నాయి. పాతదిస్తావో, కొత్తదిస్తావో, రెండూ నిఘంటువులో పెడతావో, నేను మళ్లీ అడగను.

అమ్మడు

*

సెప్టెంబర్ 6

అమ్మడూ,

పాతదే ఇచ్చాను.

ఎలా ఇచ్చానో చెబుతాను. ఆదివారం మధ్యాహ్నం షాపు మూసి ఉంది. ఆయన ఇంట్లోనే బల్ల మీద ఒక పాత మిషను విప్పుకుని కూర్చున్నారు. నేను వాచకం తీసి ఏడో పాఠం పైకి చదివాను. తరగతిలో చదివినట్టే, కామాలు కూడా వదలకుండా. ఆయన పని ఆపలేదు. అయిపోయాక, ‘ఎందుకు దాచింది ఆవిడ?’ అన్నారు. ‘పాఠంలో లేదు’ అన్నాను. అని, నిఘంటువులోంచి తెచ్చిన కవరు స్క్రూల పక్కన పెట్టాను. నువ్వు నన్ను గుప్పిట్లో పెట్టుకుంటావన్న భయం కన్నా, నేను ఇంకా తొమ్మిదేళ్లు ఇలాగే బతకాలన్న భయం పెద్దదైంది. అంతకు మించి నా గొప్పేమీ లేదు.

చేతులకు నూనె ఉందని లేచి సబ్బుతో కడుక్కుని వచ్చి అప్పుడు తెరిచారు. చదివారు. మళ్లీ చదివారు. ‘పదకొండింటికా?’ అన్నారు.

చెప్పేశాను. నొప్పిగా ఉందమ్మాయ్ అన్నారు మామయ్య. అజీర్తి అనుకుని వేడినీళ్లిచ్చాను. డాక్టర్ని పిలవనా, మీ అన్నయ్యకు కబురు పంపనా అని అడిగాను. ‘వద్దు, వాడు ఇవాళ మూడు మిషన్లు ఇవ్వాలి, కంగారుపెట్టకు’ అన్నారు. పెద్దాయన వద్దన్నారని విన్నాను. వినడం నాకూ తేలికే, సెలవుల్లో దిద్దాల్సిన పరీక్ష పేపర్ల కట్ట ముందుంది. ఆ తేలికను నేను ఎవరికీ చెప్పలేదు. వరండాలో నువ్వు ఆయన్ని అన్నప్పుడు నేను పక్కనే నిలబడి ఉన్నాను అమ్మడూ. నోరు విప్పలేదు. ఉత్తరం దాచడం తర్వాతి సంగతి, అసలు దొంగతనం అది.

కొడతారనుకున్నాను, ఇంట్లోంచి పొమ్మంటారనుకున్నాను. ఆయన, ‘అయితే ఐదు గంటలు నాన్న నీతో ఉన్నాడు’ అన్నారు. ‘ఆ ఐదు గంటలూ ఏం మాట్లాడాడు?’

ఇన్నేళ్లలో నన్ను ఎవరూ అది అడగలేదు. ఎలా అడుగుతారు? మామయ్య పొద్దంతా బాగానే ఉన్నారని, ఒక్కసారిగా వచ్చిందని నేనే కదా అందరికీ చెప్పింది. నా తప్పు దాచడానికి ఆయన ఆఖరి రోజంతా దాచాను. మామయ్య నా ఎదురుగా కూర్చుని ఎర్ర పెన్సిల్ తీసుకుని, ‘నేనూ దిద్దుతాను ఇటివ్వు’ అని ఆరు పేపర్లు దిద్దారు. అందరికీ మార్కులు ఎక్కువేశారు. నీ గురించి అడిగారు, అమ్మడు ఆదివారం వస్తానందా అని. ఇంకా చాలా ఉన్నాయి. అవన్నీ నా దగ్గరే ఉండిపోయాయి.

అవి విన్నాక మీ అన్నయ్య ఏడ్చారు. ‘ఉత్తరం దాస్తే దాచావు. డాక్టర్ని పిలవకపోతే, నాన్నే వద్దన్నాడు. మా నాన్న మాటల్ని ఎలా దాచుకున్నావే?’ అన్నారు.

నాతో ఇంకా సరిగ్గా మాట్లాడటం లేదు. మాట్లాడతారో లేదో కూడా తెలియదు. కానీ రోజూ షాపు నుంచి వచ్చి ఒక్క ప్రశ్న అడుగుతున్నారు. ఏ చొక్కా వేసుకున్నాడు? నవ్వాడా? ఎన్నిసార్లు లేచాడు? చెబితే విని లోపలికి వెళ్లిపోతున్నారు.

నీకూ అవి చెప్పాలి. నువ్వు రా. ఇంటికే రా. ఏమంటావో అను, ఈసారి నన్నే అను. ఏదీ మర్చిపోకూడదని ఆ పదకొండింటి నుంచీ వరుసగా కాగితం మీద రాస్తున్నాను. ఇప్పటికి పన్నెండున్నర దాకా వచ్చాను.

వదిన